చెట్టు లేని మోకు

(నల్లగొండలో, మిర్యాలగూడ రోడ్డు మీది ఒక పాత ధాన్యం గోదాంలో జరిగిన శిల్ప ప్రదర్శనలో ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టర్ చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది. రెండుసార్లు చెప్పిన మాటలు కొన్ని తీసేశాం, మిగతాది ఉన్నదున్నట్టే.)

వినిపిస్తోందా? వెనకాల ఉన్నవాళ్ళకు? ఆ తలుపు దగ్గర నిలబడ్డ తమ్ముళ్ళూ, లోపలికి రండి, కుర్చీలు లేకపోతే ఆ బస్తాల మీద కూర్చోండి. ఆ బస్తాలు ప్రదర్శనలోవి కావు, గోదాం వాళ్ళవి. చూశారా, ఈ సంగతి కూడా చెప్పాల్సి వస్తోంది. పొద్దున ఒక పెద్దమనిషి ఆ మూలన ఉన్న తౌడు బస్తాల చుట్టూ చేతులు వెనక్కు కట్టుకొని రెండుసార్లు తిరిగి, "ఇది బాగున్నది" అని పోయాడు. నేనేం చెప్పలేదు. బాగుందన్న మాట నిజమే కదా, ఒకదాని మీద ఒకటి ఒరిగి నిద్రపోతున్నట్టున్నాయి.

నన్ను పరిచయం చేసిన సార్ కళా విమర్శకుడు అన్నారు. కాదండీ, నేను డ్రాయింగ్ మాస్టర్ని. ముప్పై ఏళ్ళు సర్కారు బడుల్లో పిల్లలతో మామిడిపండు, జెండా, పల్లెటూరి దృశ్యం వేయించినవాణ్ణి. పల్లెటూరి దృశ్యం అంటే మీ అందరికీ తెలుసు, రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక వాగు, గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. మునుగోడులో కొబ్బరిచెట్టు ఎక్కడిది సార్ అని ఏ పిల్లగాడూ అడగలేదు, తాటిచెట్టు వెయ్యండిరా అని నేనూ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు. ఆ సిగ్గు కొంచెం ఉంది కాబట్టే ఈ అమ్మాయి వచ్చి "సార్, మీరు మాట్లాడాలి" అంటే కాదనలేకపోయాను. ఆమె అదిగో ఆ స్తంభం దగ్గర కూర్చుంది, పేరు చెప్పొద్దంది, మాట్లాడనంది. దేవరకొండ వైపు పిల్ల, హైదరాబాద్‌లో శిల్పం చదువుకుంది. ఇక్కడున్న మూడూ ఆమె చేసినవే.

చేసినవే అన్నాను కానీ, బయట టేబుల్ మీద పెట్టిన నోట్‌బుక్ చూస్తే ఆ మాట మీదే గొడవ. ఒకాయన "ఇందులో చేసింది ఏముంది, తెచ్చింది ఉంది" అని రాశాడు. ఇంకొకరు "పాత ఇనుప సామాన్లకు మంచి ధర ఇవ్వబడును" అని. ఒక ఆడమనిషి, చక్కటి దస్తూరీ, "మా ఇంట్లో ఇంకా ఉన్నాయి, కావాలంటే తీసుకుపోండి, అటక ఖాళీ అవుతుంది" అని రాసింది. నాకు ఆ నోట్‌బుక్ చాలా నచ్చింది. నేను ఇరవై ఏళ్ళ వయసులో ఇలాంటివి చూసినప్పుడు ఇంత ధైర్యంగా ఒక్క మాట అనలేకపోయాను. హైదరాబాద్‌లో ఒక గ్యాలరీ, పేరెందుకు. గోడకు ఒక తుప్పు పట్టిన రేకు, దానికి చిన్న దారం. నేను అక్కడున్న ఆయన్ని "సార్, దీని అర్థమేంటి" అని అడిగాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, చెప్పుల దగ్గర కాసేపు ఆగి, "అర్థం అడిగేవాళ్ళకు ఇది కాదు" అన్నాడు. నేను బయటికొచ్చి బస్సెక్కాను. తర్వాత పదేళ్ళు ఏ గ్యాలరీ మెట్లూ ఎక్కలేదు. అందుకని ముందే చెప్తున్నా, అర్థం అడగడం తప్పు కాదు. కాకపోతే అది మొదటి ప్రశ్న కానక్కర్లేదు.

మనకు పొడుపు కథలు తెలుసు. "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." ఏంటది? ఆ, కనురెప్పలు. అమ్మమ్మ పొడుస్తుంది, మనం విప్పుతాం, విప్పలేకపోతే ఓడిపోయినట్టు. చిన్నప్పటి నుంచి ఆ అలవాటు కాబట్టి, ఇట్లాంటి వస్తువు ముందు నిలబడగానే మనకు లోపల ఒక టెన్షన్ మొదలవుతుంది, విప్పాలి, విప్పకపోతే పక్కవాడి ముందు పరువు పోతుంది అని. పక్కవాడికీ అదే టెన్షన్. ఇద్దరం గడ్డం పట్టుకొని నిలబడతాం.

విప్పితే అయిపోయే శిల్పాలు నిజంగానే ఉన్నాయి. మన పట్టణాల చౌరస్తాల్లో, పార్కుల్లో చూస్తుంటారు, బోల్టులు, గేర్లు, సైకిల్ చైన్లు వెల్డింగ్ చేసి నెమలి, గుర్రం, సింహం. చూడగానే "అరె, నెమలి!" అనుకుంటాం, దగ్గరికి పోయి "తోకకు చైన్లు పెట్టాడు రా" అనుకుంటాం, ఒక సెల్ఫీ, అంతే. వెల్డింగ్ చేసినతని చేతిపనిని నేను తక్కువ చేయట్లేదు, ఆ పని నాకు చేతకాదు. కానీ అక్కడ గేరు గేరుగా లేదు, రెక్క అయిపోయింది. ఇనుము ఏ లారీది, ఏ మిల్లుది, దాంతో మనకు పని లేదు, ఎండిపోయిన రంగు ట్యూబు ఎంతో అదీ అంతే.

ఇప్పుడు పికాసో 1942లో చేసిన ఎద్దు తల సంగతి చూడండి. ఒక సైకిల్ సీటు, ఒక సైకిల్ హ్యాండిల్, రెండే వస్తువులు. సీటు ముఖం, హ్యాండిల్ కొమ్ములు. పారిస్ అప్పుడు జర్మన్ల చేతిలో ఉంది. ఇది కూడా పొడుపు కథే కదా, ఎద్దు అనగానే అయిపోవాలి కదా? అయిపోదు. ఎద్దు అనుకోగానే సీటు కనిపిస్తుంది, సీటు అనుకోగానే ఎద్దు తిరిగొస్తుంది, రెండూ ఒకదాన్నొకటి కుమ్ముకుంటూనే ఉంటాయి. ఎప్పుడైనా దాన్ని ఎవరో చెత్తలో పడేస్తే ఇంకొకడు వచ్చి, భలే, సైకిల్‌కు హ్యాండిల్ దొరికింది అనుకుంటే బాగుండునని పికాసోనే అన్నాడని చెప్తారు. వస్తువు వెనక్కి కూడా పోగలగాలి, అదీ ఆయన కోరిక. చౌరస్తా నెమలి వెనక్కి పోలేదు.

ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ దుషాం పేరు మీలో ఫైన్ ఆర్ట్స్ పిల్లలు ఎలాగూ ఎత్తుతారు కాబట్టి నేనే ఎత్తేస్తా. 1917లో న్యూయార్క్‌లో మూత్రశాలలో బిగించే పింగాణీ తొట్టిని వెల్లకిలా పెట్టి, ఆర్ మట్ అని దొంగ సంతకం చేసి ప్రదర్శనకు పంపాడు, ఎవరు పంపినా పెడతామన్నవాళ్ళే దాన్ని పెట్టలేదు. అసలుది పోయింది, ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నవి తర్వాత చేయించిన నకళ్ళు. చాలా ముఖ్యమైన సంఘటనే, కాదనను, కానీ వంద సంవత్సరాలుగా దాన్ని అడ్డం పెట్టుకొని ప్రతి బద్ధకస్తుడూ బతుకుతున్నాడు. ముందుకు పోదాం.

ఈ గోదాంలో ఉన్న మూడింటిలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది, అదిగో, కింద నేల మీద ఉన్నది. నల్ల గొంగడి మడత పెట్టి ఉంది. దాని మీద మోటార్ స్టార్టర్ డబ్బా, నిలబెట్టి కాదు, పక్కకు పడుకోబెట్టి. అంతే. పేరు కూడా లేదు. నేను మొదటి రోజు వచ్చి పావుగంట నిలబడ్డాను, ఏమీ తోచలేదు. తోచలేదంటే ఊరికే ఉండొచ్చు కదా, ఉండలేదు, నాతో వచ్చిన లెక్చరర్ మిత్రుడికి యోసెఫ్ బాయిస్ గురించి లెక్చర్ ఇచ్చాను. బాయిస్ జర్మన్ శిల్పి, రెండో ప్రపంచ యుద్ధంలో విమానంలో ఉండేవాడు, 1944లో క్రిమియాలో విమానం కూలితే అక్కడి తాతారులు తన ఒంటికి కొవ్వు పూసి నమదాలో, అంటే ఉన్నిని ఒత్తి చేసిన దళసరి బట్టలో, చుట్టి బతికించారని చెప్పేవాడు. జీవితమంతా కొవ్వుతో, నమదాతో బొమ్మలు చేశాడు, 1970లో నమదాతో ఒక సూటు కూడా కుట్టించాడు. ఆ తాతారుల కథ నిజం కాదని తర్వాత చరిత్రకారులు తేల్చారు, జర్మన్ సైన్యమే వెతికి ఆసుపత్రిలో చేర్పించిందట. సరే, కథ అబద్ధమైనా ఆ ఉన్ని వెచ్చదనం అబద్ధం కాదు, ఇక్కడ గొంగడి కూడా అట్లాంటిదే అని నేను వాయించాను. మిత్రుడు బుద్ధిగా విన్నాడు. ఇంటికి పోయాక నాకే అనిపించింది, స్టార్టర్ గురించి నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు తెలిసిన పుస్తకం గొంగడికి దొరికింది, దాన్ని తీసి గొంగడి మీద కప్పేశాను.

రెండో రోజు మళ్ళీ వచ్చాను. లాభం లేదు.

మూడో రోజు మోకాళ్ళ నొప్పి వల్ల నేల మీద కూర్చున్నాను, కళ మీద భక్తితో కాదు. కూర్చుంటే కళ్ళు డబ్బా ఎత్తుకు వచ్చాయి. స్టార్టర్‌కు రెండు బటన్లుంటాయి, మీకు తెలుసు, పచ్చది ఆన్, ఎర్రది ఆఫ్. పచ్చ బటన్ రంగంతా పోయి, మధ్యలో బొటనవేలు పట్టేంత గుంట పడింది. ఎర్ర బటన్ మాత్రం దుకాణం నుంచి నిన్న తెచ్చినట్టుంది. ఎందుకు? ఎవరైనా రైతు చెప్పండి... ఆ, అదే. ఆపాల్సిన పని ఎవరికుంది, కరెంటు అదే పోతుంది! మోటారును ఆపడం మన చేతిలో ఎప్పుడుంది, మొదలుపెట్టడం ఒక్కటే మన పని. రాత్రి పన్నెండుకు త్రీఫేజ్ వస్తుందంటే పన్నెండుకు, రెండుకంటే రెండుకు, చేతిలో బ్యాటరీ లైటు పట్టుకొని పాములు తొక్కుకుంటూ పొలానికి పోవాలి. లేకపోతే గొంగడి తీసుకుపోయి బావి దగ్గరే పడుకోవాలి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు అన్నారు, అంతకు ముందు ముప్పై ఏళ్ళ రాత్రులు ఆ పచ్చ గుంటలో ఉన్నాయి. మా బాబాయి అట్లా పడుకొని పడుకొని, చివరికి ఇంట్లో మంచం మీద నిద్ర పట్టని మనిషి అయిపోయాడు, కరెంటు వచ్చిందా అని లేచి చూసేవాడు.

అయితే విప్పేశానా? నేనూ అట్లే అనుకున్నాను, సంతోషంగా లేచాను. గుమ్మం దాకా పోయాక అనుమానం వచ్చింది, గొంగడి మీద పడుకోవాల్సింది మనిషి కదా, మరి డబ్బా ఎందుకు పడుకుంది? ఆ డబ్బాను గొంగడి మీద పక్కకు తిప్పి, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టింది. ఎవరు ఎవరికి కాపలా? ఈ ప్రశ్నకు నా దగ్గర విడుపు లేదు. విప్పినంత విప్పాక కూడా చేతిలో ఒక ముడి మిగిలింది చూడండి, నాకు ఇప్పుడు ఆ ముడి మీదే ఆశ. మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీలో చూడనివారు లేరు. లింగం వెనక గోడ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలని నీడ. ఏ స్తంభం నీడ అని తరతరాలుగా అడిగారు. పలు వైపుల నుంచి వచ్చే వెలుగూ, స్తంభాల అమరికా కలిసి ఆ నీడ పడుతుందని చదువుకున్నవాళ్ళు లెక్క కట్టి చెప్పారు. లెక్క తెలిసినవాడు కూడా లోపలికి పోతే నిలబడి చూస్తాడు. నేను పోయినప్పుడల్లా చూస్తాను.

అందుకని నా పద్ధతి చెప్పాలంటే, అరుగుదల చూడండి. వస్తువు ఎక్కడ అరిగింది, ఏ చెయ్యి, ఎన్నేళ్ళు. తర్వాత అతుకు చూడండి, రెండు వస్తువులను దేంతో కలిపారు, మేకా, తాడా, జిగురా, లేక ఊరికే బరువు మీద ఆగిందా. అతుకు దగ్గర శిల్పి అబద్ధం ఆడలేడు. తర్వాత, ఇది కొంచెం కఠినమైన పరీక్ష, ఒక వస్తువు తీసేసి దాని బదులు ఇంకోటి మనసులో పెట్టి చూడండి. స్టార్టర్ బదులు పాత రేడియో పెడితే? బాగానే ఉంటుంది అనిపిస్తే ఆ శిల్పం బలహీనం, పాత సామాను చూపించి మన చిన్నతనాన్ని అమ్ముతున్నారన్నమాట. ఈ మధ్య హోటళ్ళలో కూడా విసుర్రాయి, లాంతరు, ఎడ్లబండి చక్రం గోడకు కొడుతున్నారు కదా, బిర్యానీ ధర పెంచడానికి.

నా పద్ధతి ఎప్పుడూ పనిచేస్తుందని కాదు. ఆ రెండోది, గోడ వారగా బిందెలు. ఏడు బిందెలు, స్టీలువీ ప్లాస్టిక్‌వీ, లోపల తెల్లగా పొర కట్టి ఉన్నాయి, పైన కట్టిన డబ్బాలోంచి ఒక్కదాంట్లో మాత్రం చుక్క చుక్క నీళ్ళు పడుతున్నాయి. నేను చూడగానే "ఫ్లోరైడ్!" అన్నాను. అనకుండా ఎట్లా ఉంటాను, నేను మర్రిగూడలో పనిచేసినవాణ్ణి, పన్నెండేళ్ళ పిల్లలు వంగిన కాళ్ళతో బడికి రావడం చూసినవాణ్ణి. పటిక, సున్నం కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే విధానానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు, మన ఊరికి దక్కిన కీర్తి అది. సున్నం పొర చూశాను, అరుగుదల చూశాను, పద్ధతి ప్రకారం చెప్పేశాను. ఈ అమ్మాయి కాసేపు ఊరుకొని, "నల్లగొండ అంటే ఫ్లోరైడేనా సార్" అంది. తర్వాత, "అవి మా అమ్మ బిందెలు. నేను చప్పుడు కోసం పెట్టిన" అంది.

చప్పుడు! నేను చెవిటివాడిలా నిలబడ్డాను. అప్పుడు విన్నాను, టప్... టప్... ఖాళీ గోదాంలో ఆ చుక్క ఎంత దూరం పోతుందో. నల్లా వచ్చే వేళకు బిందె కింద పెట్టి, పొయ్యి దగ్గర పని చేసుకుంటూ, చప్పుడును బట్టి బిందె ఎంత నిండిందో చెప్పే ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు, చూడనక్కర్లేదు వాళ్ళకు. మొదట మోగుతుంది, నిండేకొద్దీ గొంతు మారుతుంది. నా భార్య వంటింట్లోంచి "బిందె నిండింది, నల్లా కట్టెయ్" అని అరిస్తే నేను పేపర్ పక్కన పెట్టి లేచేవాణ్ణి, ఆమెకు ఎట్లా తెలుసు అని ఒక్కసారీ ఆలోచించలేదు. ఫ్లోరైడ్ అన్నది తప్పని నేను అనట్లేదు, ఆ తెల్ల పొర అక్కడే ఉంది, ఆ నీళ్ళే తాగారు. కానీ నేను ఒక పెద్ద బాధ పేరు చెప్పి, ఒక చిన్న చప్పుడును వినకుండా పోబోయాను. మన జిల్లాల మీద బయటివాళ్ళు చేసే పని ఇదే కదా, పాలమూరు అనగానే వలస, నల్లగొండ అనగానే ఫ్లోరైడ్. నేను లోపలివాణ్ణై ఉండి అదే చేశాను.

ఇటలీలో 1967లో జెర్మానో చెలాంత్ అనే విమర్శకుడు కొందరు యువ శిల్పుల పనికి ఆర్తె పోవెరా, అంటే పేద కళ, అని పేరు పెట్టాడు. పాలరాయి, కంచు వదిలేసి గోనెసంచులు, బొగ్గు, పాత బట్టలు, మట్టి పట్టుకున్నారు వాళ్ళు. యానిస్ కునెల్లిస్ అనే ఆయన 1969లో రోమ్‌లో గ్యాలరీ లోపల పన్నెండు బతికున్న గుర్రాలను కట్టేశాడు, పేడతో సహా. అది కాదు నాకు ఇష్టమైనది. జొవాన్ని అన్సెల్మో 1968లో చేసిన ఒక గ్రానైట్ శిల్పం ఉంది, మన క్వారీల వాళ్ళు దాన్ని చూడాలి. నిలువుగా చెక్కిన పెద్ద గ్రానైట్ దిమ్మె. దాని పైభాగాన ఒక చిన్న గ్రానైట్ ముక్కను రాగితీగతో కట్టాడు. రెండింటి మధ్యలో తాజా ఆకుకూర, లెట్యూస్, మన దగ్గర బర్గర్లలో పెడుతున్నారే అది. ఆకు తాజాగా ఉన్నంతసేపు తీగ బిగువుగా ఉంటుంది. ఆకు వాడిందా, తీగ వదులై చిన్న రాయి జారి కింద పడుతుంది. అందుకని మ్యూజియం వాళ్ళు ఎప్పటికప్పుడు దానికి ఆకు మార్చాలి, బర్రెకు గడ్డి వేసినట్టు. దాన్ని తినే శిల్పం అంటారు. రాయి తినడం చూశారా? కోట్ల ఏళ్ళ రాయిని నిలబెట్టింది పొద్దున కోసిన ఆకు. నేను ఫొటోలే చూశాను, కానీ ఆ ముడి చూసినప్పుడల్లా మా అమ్మ పాలకూర కట్టకు అరటినార చుట్టడం గుర్తొస్తుంది. ఆయనకు మా అమ్మ తెలియదు, పాపం.

ఒక మాట ఇక్కడ. కిందటి వారం ఒక మిత్రుడు, "ఇవన్నీ మనవాళ్ళు ఎప్పుడో చేశారు, మన బొడ్రాయి ఏంది మరి, మన బతుకమ్మ ఏంది" అన్నాడు. ఈ మాట వింటే నాకు సగం సంతోషం, సగం చిరాకు. సంతోషం ఎందుకంటే, నిజమే, ఊరి నడుమ పాతిన రాయిని చూసి దీని అర్థమేంటని మనం ఎవరం అడగం, చుట్టూ తిరిగి పోతాం, పండుగకు నీళ్ళు పోస్తాం. గునుగు, తంగేడు ఎవరూ నాటరు, చేన్ల గట్ల మీద మొలిచేవి, వాటిని తాంబాలంలో పేర్చి, ఆడి, చెరువులో వదిలేస్తాం, దాచుకోవాలనుకోం. కురుమూర్తి జాతరలో ఉద్దాలు, అంటే దేవుడి చెప్పులు, వడ్డెమానులో దళితులు తోలుతో కుట్టినవి, అవే ఊరేగుతాయి, మొక్కులందుకుంటాయి, మామూలప్పుడు ఆ తోలుకూ ఆ చేతులకూ ఏ మర్యాద ఇచ్చామో అందరికీ తెలుసు. వస్తువు ముందు మౌనంగా నిలబడడం మనకు వచ్చు.

చిరాకు ఎందుకంటే, బొడ్రాయి వెనక ఊరంతా ఉంది. ఈ అమ్మాయి గొంగడి వెనక ఎవరూ లేరు, ఆమె ఒక్కతే. నమ్మకం ఉన్నచోట రాయి ఏం చెయ్యకపోయినా నిలబడుతుంది, ఇక్కడ వస్తువే తన పని తాను చేసుకోవాలి. రెండూ ఒకటే అంటే బొడ్రాయికీ అన్యాయం, ఈమెకూ అన్యాయం. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ళు ఉన్నాయి కదా, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కినవి. పది పన్నెండు అడుగులు, ఇంకా ఎత్తువి కూడా. వాటి నీడలతో కాలం లెక్క పెట్టేవాళ్ళని కొందరు పరిశోధకులు అంటారు. అక్కడ నిలబడితే నాకు తెలిసింది ఒక్కటే, ఎవరో వీటిని ఎత్తారు. పడుకున్న రాయిని నిలబెట్టారు. ఎంతమంది పట్టారో, ఎన్ని మోకులు తెగాయో. నమ్మకం పోయింది, భాష పోయింది, ఆ ఎత్తిన బరువు మాత్రం ఇంకా తెలుస్తోంది. అదైతే ఈ అమ్మాయి పనికీ దగ్గరే.

మోకు అన్నాను కదా, ఆ మూడోదానికి వద్దాం. అదిగో, గోదాం నడుమ దూలానికి వేలాడుతున్నది. గౌడన్నలు తాటిచెట్టు ఎక్కే మోకు. చుట్టు చుట్టులాగే ఉంది, ఏళ్ళ తరబడి చెమట తాగి కట్టెలా గట్టిపడింది. మనిషి నడుము ఎత్తులో, సన్నటి తీగలతో, నేలకు సమానంగా. లోపల ఏమీ లేదు. కింద కొంచెం సున్నం పొడి రాలి ఉంది, కల్లు లొట్టికి పూస్తారే, అది.

మొదటి ఆదివారం పెద్ద వయసు గౌడ ఒకాయన వచ్చాడు, మనవడు తీసుకొచ్చాడు. వచ్చి మోకును చూశాడు, ఒక చెయ్యి కింద పెట్టి బరువు చూశాడు. ఆ తర్వాత ఎవరూ ఊహించని పని చేశాడు, వంగి, దాని లోపలికి దూరి లేచి నిలబడ్డాడు. నేను "అయ్యో, ముట్టుకోవద్దు" అనబోయి ఈమె వైపు చూశాను, ఈమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన మోకుకు వీపు ఆనించాడు, తీగలు కిర్రుమన్నాయి. రెండు చేతులు ముందుకు చాపాడు, కాళ్ళు ఎడం చేశాడు. డెబ్భై దాటిన మనిషి, చూస్తుండగానే భుజాలు మారిపోయాయి. ఆయన ముందు ఇంత లావు తాటిచెట్టు ఉందని నేను ప్రమాణం చేసి చెప్పగలను, చుట్టుకొలత కూడా చెప్పగలను, ఆ చేతుల మధ్య ఎడమే దాని కొలత. పది సెకన్లు ఉండొచ్చు. తర్వాత చేతులు దించి, "చెట్టేదమ్మా?" అని ఈమెను అడిగాడు.

ఈమె ఏం చెప్పలేదు. ఆయన బయటికి దూరి, కండువా దులుపుకొని పోయాడు. ఆయన గొప్ప విమర్శ చేశాడని నేను అనను, పల్లెటూరి ముసలాయన నోట వేదాంతం పలికించే కథలు నాకు పడవు. ఆయనకు అది మోకు, చెట్టు లేకపోతే పనికిరాదు, అంతే ఆయన మాట. పైగా పోతూ పోతూ మనవడితో, "గుజి లేదు, మోకొక్కటే పెడ్తే ఎట్లెక్కుతరు" అని సణిగాడు కూడా. గుజి అంటే చెట్టెక్కేటప్పుడు కాళ్ళకు వేసుకునేది, అది ఆయన వృత్తి మాట. కానీ ఆ రోజు నుంచి నాకు ఆ చుట్టు లోపలి ఖాళీ ఖాళీలా కనిపించడం లేదు.

ప్రశ్నలు అడగండి, టైం అయిపోతోందని సార్ గడియారం చూస్తున్నారు.

...బాగుంది. "అందరూ విదేశాల పేర్లే చెప్తున్నారు, మన దేశంలో లేరా" అంటున్నారు. ఉన్నారు. రామ్‌కింకర్ బైజ్ 1938లో శాంతినికేతన్‌లో సంతాల్ కుటుంబం చేశాడు, కంచుతో కాదు, సిమెంటు, ఎర్ర కంకరతో. మొగుడు, పెళ్ళాం, పిల్ల, కుక్క, కావడి, పని వెతుక్కుంటూ పోతున్నారు. పాలమూరు వాళ్ళు దాని ముందు నిలబడితే పరిచయం అక్కర్లేదు. చండీగఢ్‌లో నేక్ చంద్ రోడ్ల ఇన్‌స్పెక్టర్, 1957లో మొదలుపెట్టి సర్కారు జాగాలో దొంగచాటుగా, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలతో మనుషులనూ జంతువులనూ చేసుకుంటూ పోయాడు, అధికారులకు 1975 దాకా తెలియలేదు. కూలగొట్టాల్సింది, కూలగొట్టలేదు, మరుసటి ఏడాది జనానికి తెరిచారు. పారేసిన వస్తువుల సంగతి కాబట్టి ఇంకో పేరు, మన దేశం కాదు, క్షమించాలి, ఘనాలో పుట్టి నైజీరియాలో పనిచేసిన ఎల్ అనాట్సుయ్. మందు సీసాల మూతలు వేలకు వేలు చదును చేసి, రాగితీగతో కుట్టి, గోడంత దుప్పట్లు చేస్తాడు, దూరం నుంచి బంగారు జరీలా ఉంటుంది. తెల్లవాళ్ళు ఆఫ్రికాకు మందు తెచ్చి మనుషులను కొనుక్కుపోయిన చరిత్ర ఆ మూతల్లో ఉంది. 2015లో వెనిస్‌లో ఆయనకు జీవితకాల పురస్కారం ఇచ్చారు. మన బెల్టు షాపుల వెనక ఒక్క నెల మూతలు ఏరితే ఈ గోదాం కప్పు నిండుతుంది, నవ్వకండి, ఎవరైనా మొదలుపెట్టండి.

...ధర ఎంతా? తెలుగులో అర్థం అంటే డబ్బు కూడా కదా, మొత్తానికి అర్థం అడిగారు. ఈమె అమ్మనంటోంది. గొంగడి ఇంటికి తిరిగి కావాలట, చలికాలం వస్తోంది.

...ఆఖరి ప్రశ్న, ఆ పాప అడుగుతోంది, మోకును ముట్టుకోవచ్చా అని. ఈమె తల ఊపుతోంది, ముట్టుకోవచ్చట, లోపలికి కూడా దూరొచ్చట, ఒక్కొక్కరే. గొంగడి కూడా పట్టుకొని చూడండి, గరుకుగా ఉంటుంది. బిందెల దగ్గర మాత్రం చుక్క కింద చెయ్యి పెట్టకండి. ఫ్యాన్లు ఆపేస్తున్నాం, ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉంటే ఇక్కడి నుంచే వినిపిస్తుంది.